మారతానన్న మగవాడు మధ్యలో ఎందుకు మానేస్తాడు?

భార్యపై చేయి చేసుకున్న భర్త "ఇకమీదట అలా చేయను" అని ఒట్టు పెట్టడం మన ఇళ్లలో కొత్త కాదు. ఆ మాట అత్తమామల ముందు అంటాడు. జమాత్ పెద్దల ముందు అంటాడు. అవసరమైతే మస్జిద్‌లో నిలబడి తౌబా చేస్తానని కూడా అంటాడు. నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ పాత కథే.

ఒట్టు ఒక్కటే సరిపోదని, కొట్టే అలవాటును మాన్పించడానికి ఓపికగా పని చేయాలని కొన్ని దేశాలు అర్ధ శతాబ్దం క్రితమే గ్రహించాయి. భార్యలను హింసించే మగవారి కోసం ప్రత్యేకంగా తరగతులు పెట్టాయి. కానీ ఆ తరగతుల్లో చేరినవారిలో చాలామంది చివరిదాకా ఉండరు. కొందరు మొదటిరోజే రారు. కొందరు నెల తిరగకుండానే మాయమవుతారు. ఎందుకిలా జరుగుతోంది? అమెరికా, కెనడా పరిశోధకులు ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వారికి దొరికిన సమాధానాలు మన కుటుంబాల్లో అమ్మాయిల కాపురాలు చక్కదిద్దాలని కూర్చునే పెద్దలకు ఎంతో పనికొస్తాయి.

తరగతులు ఎలా మొదలయ్యాయి?

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1977లో 'ఎమర్జ్' అనే సంస్థ ఏర్పడింది. ఆ దేశంలో ఇలాంటి తరగతులకు ఆద్యురాలిగా దానికి పేరుంది. దెబ్బలు తిన్న స్త్రీలకు ఆశ్రయమిస్తున్న మహిళా కార్యకర్తలే దీనికి ప్రేరణ. ఎంతమంది ఆడవాళ్లకు నీడ కల్పించినా, కొట్టేవాడు అలాగే ఉంటే ప్రయోజనమేమిటన్నది వారి ప్రశ్న. ఆ మగవాళ్లతో మాట్లాడే పని మగవాళ్లే తీసుకోవాలని వారు కోరారు.

తర్వాత మినెసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణం 1980ల ఆరంభంలో మరో అడుగు ముందుకు వేసింది. పోలీసులు, కోర్టు, ఆశ్రయ గృహం, తరగతులు నడిపేవారు అంతా ఒకే పద్ధతిలో కలిసి పనిచేసేలా అక్కడ ఏర్పాటు చేశారు. ఎలెన్ పెన్స్, మైకేల్ పేమర్ రూపొందించిన ఆ పద్ధతి తర్వాత అనేక దేశాలకు పాకింది. భార్యను కొట్టడం ఉన్నట్టుండి వచ్చే కోపం వల్ల జరిగే ప్రమాదం కాదనీ, ఆమెను తన చెప్పుచేతల్లో ఉంచుకోవడానికి భర్త వాడే సాధనమనీ డులూత్ వారి వాదన. పై అధికారి మీద ఎంత కోపమొచ్చినా అణచుకునే మనిషి ఇంటికొచ్చి భార్యనే ఎందుకు కొడతాడని అడిగితే, ఆ వాదనలోని బలం మనకూ అర్థమవుతుంది.

తరగతి సాధారణంగా వారానికి ఒకసారి, గంటన్నర నుంచి రెండు గంటలు జరుగుతుంది. పదిమందో పన్నెండు మందో మగవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. భార్య చేసిన తప్పులు ఏకరువు పెట్టడానికి వీల్లేదు. తాను ఏం చేశాడో, ఆ సమయంలో పిల్లలు ఎక్కడున్నారో, ఆమె ముఖంలో ఏం కనిపించిందో చెప్పాలి. చాలాచోట్ల ఫీజు ఆ మనిషే కట్టుకోవాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి నేరం రుజువై ప్రొబేషన్ మీద బయట ఉన్నవారు 52 వారాలు హాజరు కావాలని చట్టం చెబుతోంది.

ఎంతమంది మానేస్తున్నారు?

కెనడా పరిశోధకులు ముగ్గురు 2011లో ఒక పెద్ద పరిశీలన ప్రచురించారు. రకరకాల నేరాలు చేసినవారికి నడిపే దిద్దుబాటు కార్యక్రమాలపై వచ్చిన 114 అధ్యయనాలను వారు కలిపి చూశారు. అన్ని రకాల కార్యక్రమాల్లో మానేసేవారు సగటున నూటికి 27 మంది. భార్యలను హింసించేవారి తరగతుల్లో మాత్రం నూటికి దాదాపు 38 మంది. ఇంకో విషయం కూడా తేలింది. మానేసేవారిలో ఎక్కువమంది మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారే. అంటే మందు ఎవరికి ఎక్కువ అవసరమో వారే మందు సీసా పారేస్తున్నారన్నమాట.

"నేనేం తప్పు చేశాను?"

మానేయడానికి మొదటి కారణం మనిషి మనసులోనే ఉంది. పంటినొప్పి ఉన్నవాడు డాక్టరును వెతుక్కుంటూ తానే పోతాడు. నొప్పి తనది కనుక. భార్యను కొట్టినప్పుడు నొప్పి మరొకరిది. కొట్టినవాడికి తనలో జబ్బు ఉన్నట్టే తోచదు. "ఆమె నోరు ఊరుకోదు", "ఒక్క చెంపదెబ్బకు ఇంత రాద్ధాంతమా", "జడ్జి ఆడవాళ్ల పక్షం" - తరగతికి వచ్చిన తొలివారాల్లో వినిపించే మాటలు ఇవే. తనను తాను బాధితుడిగా భావించుకునేవాడు ఏదో ఒక సాకుతో తప్పించుకోవడానికే చూస్తాడు.

దీనికి సిగ్గు కూడా తోడవుతుంది. పదిమందిలో కూర్చుని తాను చేసిన పని తన నోటితో చెప్పుకోవడం తేలిక కాదు. తరగతి నడిపేవారు మొదటిరోజే నిలదీసి, తలదించుకునేలా చేస్తే, మరుసటి వారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. అలాగని మెత్తగా మాట్లాడితే తప్పును సమర్థించినట్టవుతుంది. ఈ రెంటి మధ్య నడవడమే ఆ పనిలోని కష్టం. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ముందుగా ఒకటి రెండుసార్లు మనిషితో విడిగా మాట్లాడుతున్నారు. "మీ పిల్లలు పెద్దయ్యాక మీ గురించి ఏమనుకోవాలని మీకుంది?" అని అడుగుతున్నారు. జవాబు అతని నోటినుంచే రావాలన్నది వారి ఉద్దేశం.

భార్య వచ్చేసింది, ఇక తరగతి ఎందుకు?

తనంతట తానుగా తరగతికి వచ్చినవాడు నిలకడగా ఉంటాడని, కోర్టు పంపితే వచ్చినవాడు పారిపోతాడని మనం అనుకుంటాం. లెక్కలు చూస్తే తలకిందులుగా ఉంది. 30 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, కోర్టు పంపినవారే చివరిదాకా ఉండే అవకాశం ఎక్కువని తేలింది.

కారణం ఊహించడం కష్టం కాదు. కోర్టు పంపినవాడి వెనుక జైలు భయం ఉంది. తానుగా వచ్చినవాడు చాలాసార్లు పుట్టింటికి వెళ్లిన భార్యను తిరిగి రప్పించుకోవడానికే వస్తాడు. ఆమె తిరిగొచ్చిన నాడు అతని పని అయిపోయింది. ఆమె ఇక రానని తేల్చి చెప్పినా అతని పని అయిపోయినట్టే. రెండు సందర్భాల్లోనూ తరగతి మానేస్తాడు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఎడ్వర్డ్ గండాల్ఫ్ అనే పరిశోధకుడు టెక్సాస్ రాష్ట్రంలోని ఆశ్రయ గృహాలపై చేసిన అధ్యయనం 1988లో వెలువడింది. ఆశ్రయంలో ఉన్న స్త్రీ భర్త దగ్గరికి తిరిగి వెళ్లడానికి అన్నిటికన్నా బలమైన కారణం, అతను కౌన్సెలింగ్‌లో చేరాడన్న కబురేనని అందులో తేలింది. చేరాడని తెలిసి ఆమె వెళ్తుంది. మానేశాడని ఆమెకు ఎవరు చెబుతారు? ఆమె ధైర్యానికి ఆధారమైన తరగతి ఆగిపోయిన సంగతి చాలాసార్లు ఆమెకే తెలియదు. అందుకే బాధ్యతగా నడిచే కార్యక్రమాల్లో భర్త రావడం మానేయగానే భార్యకు, కోర్టుకు ఆ విషయం తెలియజేస్తారు.

పని లేనివాడు, ఇల్లు నిలవనివాడు

మానేసేవారి జీవితాలు చూస్తే కొన్ని పోలికలు కనిపిస్తాయి. వయసు తక్కువ. చదువు తక్కువ. స్థిరమైన ఉద్యోగం లేదు. పాత కేసులు ఉన్నాయి. తాగుడో మత్తుమందో ఉంది.

ఫ్లోరిడాలోని బ్రవర్డ్ కౌంటీలో 404 మంది మగవాళ్లపై ఒక ప్రయోగం చేశారు. కొందరిని 26 వారాల తరగతులతో పాటు ప్రొబేషన్‌లో ఉంచారు. మిగతావారిని ప్రొబేషన్‌లో మాత్రమే ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ ఒక్క తరగతి అయినా ఎగ్గొట్టినవారు మళ్లీ అరెస్టయ్యే అవకాశం, అన్నింటికీ హాజరైనవారితో పోలిస్తే రెండున్నర రెట్లు ఉంది. ఉద్యోగం, సొంత ఇల్లు, వయసు తెచ్చిన నిదానం ఉన్నవారికి పోగొట్టుకోవడానికి ఏదో ఉంటుంది. ఏమీ లేనివాడికి జడ్జి భయం కూడా తక్కువే.

దీన్ని పేదవాడి మీద నింద అనుకోకూడదు. ఫీజు కట్టలేక, రాత్రి షిఫ్టు వదులుకోలేక, ఊరు మారి, బస్సు దొరక్క మానేసేవారూ ఉన్నారు. వారానికి ఒక పూట కూలి పోగొట్టుకుని రమ్మంటే ఎంతమంది రాగలరు? ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించడం, సాయంత్రాలు, సెలవు రోజుల్లో తరగతులు పెట్టడం లాంటివి ఈ అనుభవం నుంచి వచ్చినవే. తాగుడు ఉన్నవాడికి దానికి కూడా చికిత్స చేయించకపోతే తరగతిలో చెప్పింది సాయంత్రానికి కరిగిపోతుంది. తాగుడే హింసకు కారణమని చెప్పలేం. తాగని మగవాళ్లూ కొడుతున్నారు. కానీ తరగతిలో చేరాక కూడా తాగి ఇంటికి వచ్చేవాడు మళ్లీ కొట్టే ప్రమాదం చాలా ఎక్కువని గండాల్ఫ్ నాలుగు నగరాల్లో, 840 మంది మగవాళ్లపై చేసిన సుదీర్ఘ పరిశీలన తేల్చింది.

త్వరగా ముగిస్తే సరిపోతుందా?

ఇన్ని వారాలు పెడితే ఎవరుంటారు, త్వరగా ముగించేస్తే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించారు. 2000లో ఫలితాలు వచ్చాయి. ఒకే పాఠాన్ని, దాదాపు అన్నే గంలు, ఒక గుంపుకు 26 వారాల్లో, మరో గుంపుకు 8 వారాల్లో చెప్పారు. 8 వారాల గుంపులో నూటికి 67 మంది పూర్తి చేశారు. 26 వారాల గుంపులో నూటికి 27 మందే మిగిలారు.

అయితే 8 వారాల పద్ధతే మంచిదా? ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులు లెక్కపెడితే, తగ్గుదల కనిపించింది 26 వారాల గుంపులోనే. పూర్తి చేసినవారు ఎక్కువగా ఉన్న గుంపులో ఆ మేలు కనిపించలేదు. సర్టిఫికెట్ల సంఖ్యను బట్టి తరగతి విజయాన్ని కొలవకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది. అంతకాలం ఒకరి కంటికింద ఉండటమే మనిషిని అదుపులో ఉంచిందేమోనని పరిశోధకులు భావించారు.

కోర్టు కన్ను

అన్ని ఉపాయాల్లోకీ సులువైనది పిట్స్‌బర్గ్‌లో కనిపించింది. అక్కడ 1990ల నడుమ కోర్టు ఒక చిన్న నిబంధన పెట్టింది. తరగతికి వెళ్లమని ఆదేశించి ఊరుకోకుండా, కొద్ది వారాల్లోనే మళ్లీ కోర్టుకు వచ్చి, చేరినట్టు చూపించుకోవాలి. అంతకుముందు ఆదేశం అందుకుని అసలు మొహమే చూపనివారు నూటికి 36 మంది. మూడేళ్లలో అది నూటికి 6కు పడిపోయింది. మనుషులు మారలేదు, పాఠం మారలేదు. అడిగేవాడున్నాడని తెలిసింది, అంతే.

భయం ఒక్కటే పనిచేస్తుందనుకోవద్దు. మేరీలాండ్‌లో జరిపిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. తరగతికి రానివారికి ఫోన్ చేసి పలకరించడం, చేతితో రాసిన ఉత్తరం పంపడం మొదలుపెట్టారు. హాజరు పెరిగింది. నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల మగవారిలో ఆ ప్రభావం ప్రత్యేకంగా కనిపించింది. తమను లెక్కచేసేవారు ఎవరూ లేరనుకునే మనిషికి ఒక ఉత్తరం కూడా విలువైనదే.

మతం పేరు చెప్పి తప్పించుకునేవారు

వలస వెళ్లిన కుటుంబాల మగవారు తరగతి మానేయడానికి భాష ఒక కారణం. ఇంగ్లీషులో తన కోపాన్ని, తన సిగ్గును చెప్పుకోలేనివాడు మౌనంగా కూర్చుని, నాలుగో వారానికి మానేస్తాడు. "ఇది తెల్లవాళ్ల చదువు, మన ఇంటి పద్ధతులు వీళ్లకేం తెలుసు" అని సమర్థించుకుంటాడు. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు మరో చిక్కు ఉంది. 1996 నాటి చట్టం ప్రకారం పౌరసత్వం లేనివారికి గృహహింస నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయవచ్చు. ఆ భయంతో భార్యే ఫిర్యాదు చేయదు. ఫిర్యాదు లేకపోతే కోర్టు లేదు. కోర్టు లేకపోతే తరగతీ లేదు.

ముస్లిం మగవారిలో కొందరు మతాన్ని అడ్డం పెట్టుకోవడం కూడా కనిపిస్తుంది. భార్యను అదుపులో పెట్టే హక్కు తమకు ఉందని వాదిస్తారు. ప్రవక్త (స) తన జీవితంలో ఏ స్త్రీ మీదా చేయి ఎత్తలేదని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన విషయం హదీసు గ్రంథాల్లో ఉంది. ఇది ఆ తరగతిలోని ఇంగ్లీషు అధ్యాపకుడు చెబితే వాడికి ఎక్కదు. వాడి మస్జిద్ ఇమామ్ చెబితే వాదించడానికి చోటు ఉండదు. ఉత్తర అమెరికాలో కొందరు ముస్లిం సామాజిక కార్యకర్తలు ఇమాములను కలుపుకుని ఈ పని చేయడానికి కారణం ఇదే.

మన దగ్గర పరిస్థితి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. ఇందులో ఏ మతం ఇల్లూ మినహాయింపు కాదు.

2005లో వచ్చిన గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఆ చట్టం 14వ సెక్షన్ కింద భర్తను కౌన్సెలింగ్‌కు వెళ్లమని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అలా ఆదేశించినప్పుడు తర్వాతి వాయిదా రెండు నెలలు దాటకుండా వేయాలి. పిట్స్‌బర్గ్ కోర్టు కనిపెట్టిన ఉపాయం మన చట్టంలోనే రాసి ఉందన్నమాట. 2006 నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. తాను కొట్టడానికి ఫలానా కారణం ఉందని సమర్థించుకోవడం కౌన్సెలింగ్‌లో కుదరదని భర్తకు ముందుగానే తెలియజేయాలి. కానీ ఆచరణలో కౌన్సెలింగ్ అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి, "నువ్వు కొంచెం తగ్గు, అతను కొంచెం తగ్గుతాడు" అని రాజీ చేసి పంపడంగానే చాలాచోట్ల మిగిలిపోయింది. ఒక పూటలో ముగిసే రాజీలో మానేయడానికి కూడా ఏమీ ఉండదు.

పెద్దలు గుర్తుంచుకోవలసినవి

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. తరగతి పూర్తి చేసినంత మాత్రాన మనిషి మారాడని హామీ లేదు. 22 అధ్యయనాలను కలిపి 2004లో అమెరికా పరిశోధకులు చేసిన విశ్లేషణలో, ఈ తరగతుల వల్ల కలిగే మేలు చిన్నదేనని తేలింది. పూర్తి చేసినవారు తక్కువగా కొడుతున్నారంటే, వారు మొదటినుంచీ కొంత నిలకడ ఉన్నవారు కావడం కూడా కారణం కావచ్చు. కనుక సర్టిఫికెట్ చూసి కాదు, ఇంట్లో ఆమె ఎలా ఉందో చూసి నమ్మాలి. తనకు ప్రమాదం ఉందా లేదా అన్నది చాలాసార్లు ఆ స్త్రీకే అందరికన్నా బాగా తెలుస్తుందని గండాల్ఫ్ పరిశీలనలో కూడా రుజువైంది.

"అల్లుడు మారుతున్నాడు బేటీ, ఇక ఇంటికి వెళ్లు" అని చెప్పేముందు పెద్దలు తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. అతను ఒట్టు పెట్టాడా, లేక కౌన్సెలర్ దగ్గరికి వారం వారం వెళ్తున్నాడా? వెళ్లడం మానేస్తే మనకు చెప్పేవారెవరు? తాగుడు మానాడా? తాను చేసిన పని గురించి మాట్లాడుతున్నాడా, ఇంకా ఆమె తప్పులే చెబుతున్నాడా? మళ్లీ చేయి ఎత్తితే అదే రోజు ఆమెను మనం వెనక్కి తెచ్చుకుంటామా? ఈ ప్రశ్నలకు జవాబు లేనంతవరకు ఆమెను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రాణం మీదికి వస్తే రాత్రి పగలు ఎప్పుడైనా 181 నంబరుకు ఫోన్ చేయవచ్చునని ఇంట్లో ప్రతి ఆడపిల్లకూ తెలిసి ఉండాలి.

మన జమాత్‌లలో పెద్దలకు లోటు లేదు. ప్రతి శుక్రవారం ఆ మనిషి జుమాకు వస్తూనే ఉంటాడు. నమాజు అయ్యాక అతని భుజం మీద చేయి వేసి, "ఈ వారం వెళ్లావా? ఇంట్లో ఎలా ఉంది?" అని అడగడానికి ఫీజు అక్కర్లేదు. అదే రోజు ఆ ఇంటి ఆడవాళ్లలో ఒకరు ఆమెను విడిగా పలకరిస్తే, అతను చెప్పిన జవాబు నిజమో కాదో కూడా తేలిపోతుంది. ఆరు నెలలు, ఏడాది పాటు విసుగు లేకుండా ఈ రెండు పనులూ చేయగలిగిన జమాత్ ఏదైనా ఒక ఇల్లు నిలబెట్టగలదు. ఇల్లు నిలబడకపోయినా, కనీసం ఒక ప్రాణాన్ని కాపాడగలదు.